పటం నిండా గుర్తులే: పదేళ్లు ఓపెన్ వరల్డ్ ఆటలు ఆడాక

'ది విచర్ 3' అనే వీడియో గేమ్‌లో స్కెల్లిగే అని కొన్ని దీవులుంటాయి. పటం తెరిస్తే చుట్టూ సముద్రం మీద ప్రశ్నార్థకాలు చల్లినట్టు కనిపిస్తాయి. పడవ వేసుకుని ఒక్కో గుర్తు దగ్గరికీ వెళ్లాలి. మీదికి దూకే సైరెన్లనే రెక్కల రాక్షసులను బాణాలతో కొట్టాలి. దొంగసరుకు పీపాల్లోంచి కత్తులూ కవచాలూ తీసుకోవాలి, మోయలేనంత బరువైతే ఊళ్లోకి వెళ్లి అమ్ముకోవాలి. వరసగా నాలుగు రాత్రులు ఈ పనే చేశాను. నాలుగో రాత్రి పక్కన కూర్చున్న మేనల్లుడు, "మామయ్యా, ఆ కత్తులు నీకు పనికొస్తాయా?" అని అడిగాడు. పనికిరావు. అంతకన్నా మంచి కత్తి అప్పటికే నా చేతిలో ఉంది. "గుర్తులు ఉన్నాయి కదరా" అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆటను అక్కడే ఆపేశాను.

నేను విజయనగరంలో ఒక జనపనార మిల్లు స్టోర్సులో పనిచేస్తాను. వచ్చిన బేళ్లు, వెళ్లిన బేళ్లు లెక్క చూసి రిజిస్టరులో టిక్కు పెట్టడం నా ఉద్యోగం. 2016లో పీఎస్4 అనే ఆటల యంత్రం కొన్నది రాత్రిపూట ఒక గంటైనా ఆ లెక్కల నుంచి బయటపడదామని. అప్పటి నుంచి ఎక్కువగా ఆడినవి ఓపెన్ వరల్డ్ ఆటలే, అంటే ఒక పెద్ద ప్రపంచంలో ఇష్టమొచ్చిన చోటికి తిరిగే ఈ తరహావి. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, పగలు ఒక రిజిస్టరు, రాత్రి ఇంకో రిజిస్టరు. శిబిరం ఖాళీ చేయించాం, టిక్కు. పెట్టె తెరిచాం, టిక్కు.

ప్రపంచం పెద్దది కావడమే విసుగుకు కారణమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర గంటకింత అని డబ్బులిచ్చి కంప్యూటర్ సెంటర్లో 'వైస్ సిటీ' ఆడిన రోజుల్లో ఆ ఆటలోని ఊరు మాకు ఎంత పెద్దదో! 2002లో వచ్చిన ఆ ఆటలో 100 పొట్లాలు దాచిపెట్టి ఉంటాయి. పటంలో ఒక్కటీ కనిపించదు. పది దొరికినప్పుడల్లా కవచమో, ఆయుధమో, వాహనమో కొత్తగా ఒకటి మనకు దక్కుతుంది. ముగ్గురు స్నేహితులం లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీల్లో ఊరి బొమ్మ గీసుకుని, దొరికినచోట చుక్క పెట్టుకునేవాళ్లం. వంతెన కింద ఒకటి దొరికిన రోజు సెంటరంతా వినిపించేలా అరిచాం. వందా పూర్తి చేయలేకపోయాం. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఊళ్లో ఏ వీధి ఎటు వెళ్తుందో చెప్పగలను. గంటల తరబడి తిరిగిన స్కెల్లిగేలో చెప్పలేను, ఎందుకంటే నేను చూస్తూ వెళ్లింది దారిని కాదు, తెర మూలనున్న చిన్న పటంలోని చుక్కల గీతను.

తేడా అక్కడుంది. అప్పుడు దాచినదాన్ని మేం కనిపెట్టేవాళ్లం. ఇప్పుడు పటమే అన్నీ ముందుగా కనిపెట్టి పెడుతుంది. మనం వెళ్లి సంతకం పెట్టి రావాలి. ఎత్తయిన గోపురం ఎక్కితే చుట్టుపక్కల గుర్తులన్నీ ఒక్కసారిగా బయటపడే పద్ధతి 2007లో మొదటి 'అసాసిన్స్ క్రీడ్'తో బాగా వ్యాపించింది. మొదట్లో ఆ గోపురాలు ఎక్కడం నాకూ చాలా ఇష్టం. ఏరుకోవడం కూడా దానికదే తప్పు కాదు. 2009 నాటి రెండో భాగంలో 100 ఈకలు ఏరాలి. కథానాయకుడి చిన్న తమ్ముడు ఈకలు పోగేసుకునేవాడు, ఆ పిల్లవాణ్ని ఉరి తీస్తారు. ఆ దుఃఖంతో తల్లి మాట మానేస్తుంది. ఈకలన్నీ తెచ్చి ఆమె పెట్టెలో వేశాక మళ్లీ నోరు విప్పుతుంది. ఇక్కడ ఏరడానికి ఒక కారణం ఉంది, ఒక ఇంటి బాధ ఉంది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో ఆటలు ఏరడాన్ని ఉంచుకుని ఆ తల్లిని వదిలేశాయి.

నింద అంతా తయారుచేసేవాళ్ల మీదే వేయను. ఎన్ని గంటలు వస్తుంది అన్నది కొనేటప్పుడు నేనూ అడిగిన మొదటి ప్రశ్న. ఇచ్చిన డబ్బుకు గంటలు కావాలని మనం అడిగాం, వాళ్లు గంటలే ఇచ్చారు.

'విచర్'కు అన్యాయం చేయకూడదు. అందులో బ్లడీ బేరన్ కథ నేను ఏ ఆటలోనూ చూడనంత లోతైనది. తాగి భార్యను కొట్టి, ఆమెను పోగొట్టుకున్న మనిషి అతను. పుట్టకుండానే పోయిన బిడ్డను చేతుల్లో ఎత్తుకుని రాత్రిపూట నడుస్తాడు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఆ కథకూ సముద్రంలోని పీపాలకూ పటం మీద ఇంచుమించు ఒకే స్థాయి గుర్తింపు ఉండటమే నా బాధ.

'ఘోస్ట్ ఆఫ్ సుషిమా' అనే ఆటలో దారి చూపే చుక్కల గీత లేదు, గాలి ఉంది. కంట్రోలర్ టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే గడ్డి ఏ వైపు వంగుతుందో అటే వెళ్లాలి. మొదటి ప్రాంతంలో నక్క వెనక పరుగెత్తి గుడి చేరినప్పుడు మనసు నిండిపోయింది. మూడో ప్రాంతానికి వచ్చేసరికి మంచు కొత్తది గానీ నక్క పాతదే. 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'ను రెండోసారి మొదలుపెట్టి, సెట్టింగుల్లో రాడార్‌ను, అంటే తెర మూలనున్న ఆ చిన్న పటాన్ని, తీసేశాను. దారి చీలినచోట చెక్క బోర్డులు చదువుకుంటూ గుర్రం మీద వెళ్తున్నాను. వేగం సగానికి తగ్గింది, ఆట మాత్రం తిరిగి దొరికింది. ఈ ఆటలు మీ దగ్గర ఇప్పటికే ఉంటే, కొత్తవి కొనేముందు ఇది చేసి చూడండి.

మొన్న చలికాలంలో మేనల్లుడితో రామతీర్థం వెళ్లాను. రాముడి గుడి చూసుకుని తిరిగి వచ్చేద్దామనుకున్నాం. మేకలు కాస్తున్న ఒక పెద్దాయన పక్క కొండ వైపు చెయ్యి చూపించి, పైన పాత ఇటుకలున్నాయి చూసి వెళ్లండి అన్నాడు. అది గురుభక్తుల కొండ. ఆయాసపడుతూ ఎక్కితే బౌద్ధుల కట్టడాల శిథిలాలు. గంటసేపు అక్కడే కూర్చున్నాం. మావాడు ఫోను కూడా తీయలేదు.

ఇప్పుడు 'షాడో ఆఫ్ ది కొలాసస్' అనే పాత ఆటకు 2018లో వచ్చిన కొత్త రూపం ఆడుతున్నాను. అంత విశాలమైన నేలలో మనం ఓడించాల్సింది పదహారు మంది మహాకాయులను మాత్రమే. ఊళ్లు లేవు, సంతలు లేవు. కత్తి ఎండకు ఎత్తితే కాంతి ఒకచోట చిక్కబడుతుంది, వెళ్లాల్సింది అటే. నిన్న రాత్రి తొమ్మిదోవాణ్ని వెతుకుతూ దారి తప్పి ఒక చెరువు దగ్గర తేలాను. అక్కడ చేయడానికి ఏమీ లేదు. గుర్రాన్ని ఆపి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు ఆ నీళ్లను చూస్తూ ఉండిపోయాను.