జర్మనీలో ఒక్క సెమిస్టర్: వోన్‌హైమా, వేగేనా, మనవాళ్ల ఫ్లాటా?

అక్టోబరు 1న మొదలై మార్చి 31న ముగిసే శీతాకాలపు సెమిస్టర్‌కు ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా జర్మనీ వెళ్లేవారికి చదువుకు సంబంధించిన నిర్ణయాలు దాదాపుగా ముందే అయిపోయి ఉంటాయి. ఏ కోర్సులు తీసుకోవాలో, వాటికి ఇక్కడి కళాశాల ఎన్ని క్రెడిట్లు ఇస్తుందో రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందమే తేలుస్తుంది. విద్యార్థి స్వయంగా తేల్చుకోవలసిన పెద్ద విషయం ఎక్కడ ఉండాలన్నదే. అందుకు మూడు దారులున్నాయి. విద్యార్థి సేవా సంస్థలు నడిపే వసతి గృహం, అంటే వోన్‌హైమ్, మొదటిది. నలుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని తలా ఒక గదిలో ఉండే వేగే రెండవది. అప్పటికే అక్కడ మాస్టర్స్ చదువుతున్న తెలుగువారి ఫ్లాట్‌లో సర్దుకోవడం మూడవది. నేను ఎక్స్ఛేంజ్‌కు వెళ్లినప్పుడు మొదటి మూడు వారాలు మనవాళ్ల ఫ్లాట్‌లోనూ, మిగిలిన కాలం వోన్‌హైమ్‌లోనూ ఉన్నాను. తరువాత మాస్టర్స్‌కు మళ్లీ వెళ్లి రెండేళ్లు వేగేలో గడిపాను. అందరూ అద్దెను బట్టి పోలుస్తారు. నా అనుభవంలో పోల్చవలసినది వంటగదిని.

ముందు అద్దె సంగతి ముగిద్దాం. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే సొమ్ము వేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో, చూపవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోలు. జర్మన్ ప్రభుత్వం తన విద్యార్థులకిచ్చే ఆర్థిక సహాయపు గరిష్ఠ పరిమితి కూడా ఇంతే. అందులో ఇంటి ఖర్చు కింద లెక్కగట్టినది 380. వోన్‌హైమ్ గది చాలా నగరాల్లో ఆ లెక్కకు అటూ ఇటూగా సరిపోతుంది. మ్యూనిక్ వంటి నగరంలో వేగే గది ఆ లెక్కను చాలా దూరం దాటిపోతుంది. వేగే ప్రకటనలో కనిపించే అద్దె వేడినీళ్లు, హీటింగ్ ఖర్చులు కలిపిన ‘వార్మ్’ అద్దెనా, కలపని ‘కాల్ట్’ అద్దెనా అన్నది చూసుకోకుండా పోలిస్తే ఆ పోలికకు అర్థం లేదు. మరొక చిన్న లెక్క రేడియో, టీవీ రుసుము. ఇది మనిషికి కాక ఇంటికి నెలకు 18.36 యూరోలు, కాబట్టి వేగేలో నలుగురూ పంచుకుంటారు. వోన్‌హైమ్‌లో విడిగా ఉండే గదిలో ఒక్కరే కట్టుకోవాలి.

మనవాళ్ల ఫ్లాట్ మొదటి వారంలో ఇచ్చే నిబ్బరాన్ని తక్కువ చేసి చెప్పలేను. విమానాశ్రయానికి ఒక అన్న వచ్చాడు, రాత్రికి పప్పుచారు ఉంది, ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలో, ఖాళీ ప్లాస్టిక్ సీసాను దుకాణంలోని యంత్రానికి తిరిగిస్తే 25 సెంట్లు వస్తాయనీ తెలుగులోనే చెప్పారు. చిక్కు కాగితాల దగ్గర వచ్చింది. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానినే అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లిచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లుండి నలుగురు సర్దుకుంటున్న ఫ్లాట్‌లో ఆ సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు, ఇంటి యజమానిని అడిగే సాహసమూ ఎవరికీ ఉండదు. ఆ నమోదు కాగితం చూపనిదే చాలాచోట్ల తరువాతి పనులు కదలవు. అలాంటి ఫ్లాట్‌లో చేరేవారు ముందుగా అడగవలసింది అద్దె ఎంతని కాదు, సంతకం ఎవరు పెడతారని. సంతకం దొరికినా నాకు ఇంకొక అభ్యంతరం ఉంది. అక్కడ వంటగది మనదే, మాట మనదే, సాయంత్రాలు మనవే. మూడు వారాల్లో తరగతి గది బయట నేను ఒక్క జర్మన్ వాక్యం పలకలేదు. రెండేళ్ల చదువుకు వెళ్లినవారికి ఆ నష్టం పూడ్చుకునే వ్యవధి ఉంటుంది. మధ్య అక్టోబరులో తరగతులు మొదలై ఫిబ్రవరిలో ముగిసిపోయే ఎక్స్ఛేంజ్ విద్యార్థికి అది ఉండదు.

వేగే అసలు పేరు వోన్‌గెమైన్‌షాఫ్ట్. ఆ పొడుగు మాటకు పొడి అక్షరాలే వేగే. దీనిలోని గొప్ప సౌకర్యం ఏమిటంటే, అక్కడి విద్యార్థి తాను కూడా ఏ స్పెయిన్‌కో స్వీడన్‌కో సెమిస్టర్ కోసం వెళుతూ తన గదిని పరుపుతో, బల్లతో, వంటపాత్రలతో సహా ఆరు నెలలకు అద్దెకిస్తాడు. మన అవసరమూ అంతే కాలం కనుక ఇది అతికినట్టు సరిపోవాలి. కానీ ఆ గది దొరకడానికి ఇంట్లో మిగిలినవారి ఆమోదం కావాలి. వాళ్లు వచ్చినవారిని వంటింట్లో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తెల్లవారే లేస్తావా, సంగీతం గట్టిగా పెడతావా, కలిసి భోంచేయడం ఇష్టమేనా అని ముచ్చట్లలోనే పరీక్షిస్తారు. హైదరాబాదులో ఉండి వీడియో కాల్‌లో ఆ పరీక్షను నెగ్గడం కష్టం, ఎందుకంటే పోటీదారు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఈ తొందరలోనే మోసాలూ జరుగుతాయి. యజమాని విదేశంలో ఉన్నాడనీ, డిపాజిట్ పంపితే తాళాలు పోస్టులో వస్తాయనీ చెప్పే ప్రకటన ఎంత అందంగా ఉన్నా వదిలేయాలి. డిపాజిట్ విషయంలో ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. చట్టం ప్రకారం అది మూడు నెలల కాల్ట్ అద్దె వరకు ఉండవచ్చు, ఖాళీ చేశాక ఖర్చుల లెక్క తేలేదాకా కొంత సొమ్ము ఆగిపోవచ్చు. అప్పటికి మనం అక్కడి బ్యాంకు ఖాతా మూసేసి ఇంటికి వచ్చేసి ఉంటాం.

వేగేలన్నీ ఒక్కటి కావు. అద్దె పంచుకోవడానికి మాత్రమే కలిసి ఉండే ఇంటిని ‘త్స్వెక్ వేగే’ అంటారు. అటువంటి ఇంట్లో ఫ్రిజ్‌లో తలా ఒక అర, శుభ్రం చేసే వంతుల పట్టిక, కారిడార్‌లో ఒక హలో, అంతే. నేను రెండేళ్లున్న ఇల్లు అటువంటిది కాదు. సాయంత్రం ఏడింటికి వాళ్లు రొట్టె, చీజ్ ముందు పెట్టుకుని కూర్చునేవారు, తొమ్మిదింటికి నేను అన్నం వండుకునేవాణ్ని. ఆ రెండు గంటల తేడా తగ్గి అందరం ఎనిమిదింటికి కూర్చోవడానికి నాలుగు నెలలు పట్టింది. నా జర్మన్ ఆ బల్ల దగ్గరే కుదిరింది. అయితే ఆ నాలుగు నెలలే ఎక్స్ఛేంజ్ విద్యార్థికి దాదాపు మొత్తం సెమిస్టర్ అని గమనించాలి.

వోన్‌హైమ్‌లో ప్రధానంగా రెండు రకాల గదులుంటాయి. స్నానాల గది, చిన్న పొయ్యి అన్నీ లోపలే ఉన్న ఒంటరి అపార్ట్‌మెంట్ ఒకటి. కారిడార్ పొడవునా ఎనిమిది, పది గదులుండి వాటన్నింటికీ ఒకే వంటగది ఉన్న ‘ఫ్లూర్’ రకం ఇంకొకటి. దరఖాస్తులో మనవాళ్లు ఎక్కువగా మొదటిదాన్నే కోరుకుంటారు, కారణాలు కూడా అర్థమయ్యేవే: ఎవరి బాత్రూం వారిది, ఆవకాయ వాసనకు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. కానీ ఆ గదిలో పొయ్యికీ మంచానికీ మధ్య నాలుగడుగులే ఉంటాయి, మంచానికి పైన పొగను కనిపెట్టే అలారం ఉంటుంది. ఎండుమిర్చి, ఆవాలు వేసి తాలింపు పెడితే కోటుకు వారంపాటు ఆ ఘాటు పడుతుంది, అలారం మోగితే పక్కగదులవాళ్లు మెట్లు దిగి చలిలో నిలబడతారు. కొన్ని భవనాల్లో ఆ మోత నేరుగా అగ్నిమాపక కేంద్రానికే చేరుతుంది. దీనికంటే పెద్ద సమస్య డిసెంబరు. నాలుగు గంటలకే చీకటి పడే రోజుల్లో, ఇంటికి ఫోన్ చేద్దామన్నా జర్మనీలో రాత్రి ఎనిమిదయ్యేసరికి ఇండియాలో పన్నెండున్నర అయిపోయే ఆ నెలల్లో, తలుపు వేసుకుంటే మరునాటి దాకా మనిషి ముఖం కనబడని గదిని డబ్బిచ్చి కోరి తెచ్చుకోవడం నాకు తెలివైన పనిగా అనిపించదు.

ఫ్లూర్ వంటగదిలో అంట్ల గిన్నెలు పేరుకుంటాయి, మన మూకుడును ఎవరో మాడుస్తారు, ఫ్రిజ్‌లోని పెరుగు తరచూ మాయమవుతుంది. ఇవన్నీ నిజమే. అయినా ఎవరి ఆమోదమూ అక్కరలేకుండా, ఏ పరీక్షా నెగ్గకుండా, దిగిన మొదటి రాత్రే పదిమంది మధ్య చోటు దొరికేది అక్కడే. వాళ్లలో సగం మంది నాలాగే కొత్తగా దిగినవారు, హీటర్ నడుస్తున్నా రోజూ పది నిమిషాలు కిటికీలు బార్లా తెరవకపోతే గోడకు బూజు పడుతుందని నాతోపాటే నేర్చుకున్నవారు. చిరునామా నమోదుకు కావలసిన సంతకం అడగకుండానే ఆఫీసులో దొరుకుతుంది, హీటర్ పాడైతే పిలవడానికి భవనం బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ ఉంటాడు. లోపం ఒప్పందంలో ఉంది: తరగతులు ఫిబ్రవరిలో ముగిసినా అద్దె సాధారణంగా మార్చి చివరిదాకా కట్టవలసిందే. ఆ నెలన్నర అద్దె కలుపుకున్నా, ఒక్క సెమిస్టర్‌కు వెళ్లేవారికి ఫ్లూర్ గదే మేలని నా అభిప్రాయం. ఏడాది పాటు ఉండేవారు, బీ1 స్థాయి, అంటే మధ్యస్థాయి, జర్మన్ వచ్చినవారు మొదటి సెమిస్టర్ అక్కడ గడిపి, ఊళ్లోనే ఉండి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ, రెండవ సెమిస్టర్‌కు వేగే వెతుక్కోవచ్చు. మనవాళ్ల ఫ్లాట్‌కు శనివారం భోజనానికి వెళ్లడం మాత్రం మానకూడదు.

ఫ్లూర్ గది ఎంచుకున్నవారు విమానం టికెట్ కొనేముందు క్యాలెండర్ చూసుకోవాలి. తాళాలిచ్చే ఆఫీసు శని, ఆదివారాల్లో తెరవరు, ఆదివారం కిరాణా దుకాణాలూ మూసే ఉంటాయి, అక్టోబరు 3 జర్మనీకి జాతీయ సెలవు. గదిలో మంచం, బల్ల, బీరువా ఉంటాయి గాని దుప్పటి, గిన్నె ఉండవు. సెలవులేని వారమైతే సోమవారం పొద్దున దిగడం మంచిది.