నల్లగొండ డాబా మీద ఏరోపోనిక్ టవర్: కొనే ముందు నీళ్లు చూసుకోండి

ఏరోపోనిక్ (మట్టి లేకుండా, గాలిలో వేలాడే వేర్లకు నీళ్లు చల్లి మొక్కలు పెంచే పద్ధతి) అని పేరు పెట్టి అమ్ముతున్న ఇంటి టవర్లలో చాలావరకు వేర్లకు మంచులా నీళ్లు చల్లేవి కావు. అడుగున తొట్టి, అందులో చిన్న పంపు, నడుమ పైపు, పైన చిల్లుల పళ్లెం, అంతే. నీళ్లు పైకెక్కి, చిల్లుల్లోంచి వేర్ల మీద జల్లుగా పడి, మళ్లీ తొట్టిలోకి దిగుతాయి. దీన్ని లోపమనుకోవద్దు. సన్నటి నాజిళ్లయితే మన బోరు నీళ్లకు తొందరగా మూసుకుపోతాయి. ఇంటికి ఈ జల్లు రకమే మేలు. కింద రాసింది 36 మొక్కలు, 50 లీటర్ల తొట్టి ఉండే సైజు గురించి.

అసలు పరీక్ష నీళ్ల దగ్గరే. నల్లగొండ జిల్లాలో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి, ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. మందు, అంటే మొక్కల పోషకాల ద్రావణం, కలపకముందే ఒట్టి నీళ్ల ఈసీని (నీళ్లలో కరిగిన లవణాల కొలత, mS/cmలో) మీటరుతో కొలవండి. పాలకూరకు మందు కలిపాక ఈసీ 1.8 నుంచి 2.0 దాకా ఉంటే చాలు. ఒట్టి బోరు నీళ్లే 1.2 చూపిస్తే ఇక పోషకాలకు చోటెక్కడిది? పైగా ఆ నీళ్లలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఊరికే 7.5 దాటుతుంటుంది. అప్పుడు వేర్లు ఇనుమును తీసుకోలేవు. లేత ఆకు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే కారణం ఇదే. ఇంకాస్త మందు పోస్తే తగ్గదు. ఫాస్ఫారిక్ యాసిడ్ చుక్కలతో పీహెచ్‌ను 5.8, 6.2 మధ్యకు తేవాలి. వాన నీళ్లు పట్టుకుంటే అన్నిటికన్నా మంచిది, తర్వాత భగీరథ నల్లా నీళ్లు. బోరు తప్పకపోతే సగం ఆర్వో నీళ్లు కలపండి.

ఏ, బీ అని రెండు సీసాల్లో వచ్చే పోషక మందులను నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి. ఏ సీసాలోని కాల్షియం, బీలోని సల్ఫేట్, ఫాస్ఫేట్‌లతో కలిసి తెల్లగా అడుగుకు దిగిపోతుంది, మొక్కకు అందదు. నిండు తొట్టిలో ఏ పోసి బాగా కలిపి, పది నిమిషాలాగి బీ పోయాలి. రెండు వారాలకోసారి నీళ్లన్నీ మార్చాలి.

టవర్ మట్టంగా నిలబడకపోతే జల్లు ఒక పక్కకే పడుతుంది, రెండో పక్క మొక్కలు వాడిపోతాయి. పళ్లెం చిల్లుల చుట్టూ తెల్లటి పొర కట్టినా ఇదే తంటా. పళ్లెం ఊడదీసి గంటసేపు వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే వదులుతుంది. పంపు స్పాంజిలో కొబ్బరి పీచు పొట్టు ఇరుక్కుంటుంది, వారానికోసారి కడగండి.

పంపును టైమర్ మీద 15 నిమిషాలు ఆన్, 15 నిమిషాలు ఆఫ్ పెడితే సరిపోతుంది. 40 వాట్ల పంపుకు రోజుకు అర యూనిట్ కూడా కాలదు. కానీ వేర్ల చుట్టూ మట్టి లేదు కాబట్టి ఎండపూట కరెంటు పోతే మొక్కలు తట్టుకోలేవు. పంపును ఇన్వర్టర్ లైనుకే కలపండి.

ఎండకాలం ఈ టవర్‌కు గడ్డుకాలం. తొట్టి నీళ్లు 30 డిగ్రీలు దాటితే వాటిలో ఆక్సిజన్ తగ్గి, వేర్లు గోధుమ రంగుకు తిరిగి, జిగురుపట్టి కుళ్లుతాయి. 50 శాతం షేడ్ నెట్, తొట్టి చుట్టూ తడి గోనెసంచి వేసినా ఏప్రిల్, మే నెలల్లో పాలకూర, కొత్తిమీర నిలవవు. ఆ రెండు నెలలు బచ్చలి ఒక్కటే ఉంచి మిగతా టవర్ ఖాళీ చేయడం మంచిది. వానలు పడ్డాక మళ్లీ మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా హాయిగా తినొచ్చు.

పాలకూర, పుదీనా, లెట్యూస్‌కు ఈ టవర్ బాగా పనికొస్తుంది. పుదీనా కాడ గుచ్చితే చాలు. పాలకూర నారు నాలుగాకులు వేసి, వేరు నారు పెట్టిన చిల్లుల కప్పు కిందికి కనిపించాకే టవర్‌లోకి ఎక్కించండి. తోటకూర కోసమైతే మాత్రం కొనొద్దు. నెల తిరక్కుండా మడిలో వచ్చే కూర అది, సంతలో కట్ట ధర తెలిసిందే. పుంటికూర ఏపుగా పెరిగి పక్క మొక్కల ఎండ ఆపుతుంది, వేస్తే పై వరుసలో ఒకటి రెండు చాలు.

డబ్బు కట్టకముందే అమ్మేవాళ్లను పంపు, చిల్లుల పళ్లెం విడిగా దొరుకుతాయా అని అడగండి. ముందు పాడయ్యేవి ఆ రెండే. తొట్టి లోపల టార్చ్ వెలిగించి చూడండి, వెలుగు బయటికి కనిపిస్తే ఎండ లోపలికీ పోయి పాచి పడుతుంది. అలాంటిది తీసుకోవద్దు.