పాత అల్యూమినియం పడవ కారుతోందా? రివెట్ సుత్తి, ఆర్గాన్ వెల్డింగ్, పూత: ఏది మేలు?

మా పెరట్లో వేపచెట్టు కింద ఆ పడవ బోర్లా పడి ఉన్నన్నాళ్ళూ ఇంటికొచ్చినవాళ్ళంతా ఒకటే మాట అడిగేవారు: "ఇదెందుకు కొన్నవు?" అది నీళ్ళలోకి దిగాక ప్రశ్న మారింది. నాగార్జునసాగర్ వెనక నీళ్ళ ఒడ్డునున్న వైజాగ్ కాలనీ వైపు నుంచి ఇద్దరు, సోమశిల నుంచి ఒకరు, మొన్న జూరాల దగ్గర్నుంచి ఇంకొకరు ఫోన్ చేశారు. "అన్నా, మా తాన గూడ ఒక పాత సిల్వర్ పడవ ఉంది. అడుగు నుంచి నీళ్ళొస్తున్నయి. ఆర్గాన్ కొట్టియ్యాల్నా, రివెట్లు మార్చాల్నా, ఏదన్న పూత పూస్తె ఆగుతదా?" ఒక్కొక్కరికీ అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే నయమనిపించింది.

నాది 12 అడుగుల పడవ. రేకు మీద రేకు ఎక్కించి రివెట్లతో, అంటే ఒక వైపు తల ఉండి రెండో వైపు తోకను సుత్తితో అణిచి బిగించే మేకుల్లాంటి వాటితో, కుట్టిన పాతకాలం రకం. హైదరాబాద్‌లో పాత సామాన్ల వేలంలో తుక్కు ధరకు దొరికింది. ఏ సంవత్సరంలో చేశారో చెప్పే ప్లేటు ఎప్పుడో ఊడిపోయింది, దాని నాలుగు బెజ్జాలే మిగిలాయి.

నా లెక్క ముందే చెప్పేస్తాను. ఈ మూడు పద్ధతుల్లో దేనితోనైనా లీకు ఆ రోజుకు ఆగుతుంది. కాబట్టి లీకు ఆగిందా లేదా అని చూస్తే ఏమీ తేలదు. అతుకు పక్కన ఉన్న మంచి రేకు ఏమవుతోందో చూడాలి. ఈ సంగతి తెలియక నేను కొంత డబ్బు, ఒక నెల పోగొట్టుకున్నాను.

దేనికైనా ముందు చేయాల్సిన పని ఒకటుంది. పడవను నీళ్ళలో పెట్టకండి, నీళ్ళనే పడవలో పొయ్యండి. పాత లారీ టైర్ల మీద పడవను ఎత్తిపెట్టి, లోపల మూడంగుళాల మేర నీళ్ళు నింపాను. అంతకు మించి పోయొద్దు. ఈ సైజు పడవకు మూడంగుళాలంటేనే దాదాపు 300 కిలోల బరువు, టైర్లు అడుగుకు సరిగ్గా ఆనకపోతే రేకు సొట్టపడుతుంది. నీళ్ళలో కాస్త బట్టల నీలం కలిపితే చుక్క ఎక్కడ పుట్టిందో, ఎక్కణ్ణుంచి జారి వచ్చిందో తేలిగ్గా తెలుస్తుంది. చుక్క పుట్టిన ప్రతిచోటా మార్కర్‌తో సున్నా చుట్టాను. మొత్తం 41 సున్నాలు. అందులో 38 రివెట్ల దగ్గరే. రెండు రేకు మీద రేకు ఎక్కిన అతుకు వరసలో. రాయి తగిలి రేకు నిజంగా చీలింది ఒక్కచోటే.

మీ పడవలోనూ ఇంచుమించు ఇదే లెక్క వస్తుంది. పాత రివెట్ పడవకు రేకు పాడవడం తక్కువ. ఏళ్ళ తరబడి అలల దెబ్బకు, ఇంజన్ అదురుకు రివెట్లు వదులవుతాయి, ఆ సందులోంచి నీరు ఊరుతుంది. రేకు బాగుండి కుట్టు వదులైన పడవ అన్నమాట.

అది తెలిసి కూడా నేను ముందు వెళ్ళింది ఆర్గాన్ షాపుకే. మన దగ్గర ఏ చిన్న టౌనులో చూసినా బైకు ఇంజన్ చాంబర్లు, ఏసీ పైపులు, పాల క్యాన్లు అతికే షాపు ఒకటుంటుంది. అంగుళం లెక్కన రేటు. అతుకు వరసలో కారుతున్న ఆరంగుళాల మేర కొట్టించాను. చూడ్డానికి పూలజడ అల్లినట్టుంది. ఇంటికి తెచ్చి మళ్ళీ నీళ్ళు పోశాను. కొట్టించిన చోట చుక్క లేదు. దానికి రెండు వైపులా, అంతకుముందు పొడిగా ఉన్న నాలుగు రివెట్లు మాత్రం కొత్తగా కారడం మొదలుపెట్టాయి!

అతుకేసిన ఆయన పనితనంలో లోపం ఏమీ లేదు, లోహం గుణమే అది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. దాని పైన కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఉంటుంది, అది కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. అతకడానికి ఇచ్చే వేడి కూడా ఒక్కచోట నిలవదు, క్షణాల్లో చుట్టూ పాకుతుంది. అదే వేడికి ఇనుము సాగేదానికంటే అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది. సాగి, చల్లారి, ముడుచుకునేటప్పుడు పక్క రివెట్లను లాగేస్తుంది. పైగా పడవలకు ఎక్కువగా వాడే 5052 రకం రేకుకు ఆ గట్టిదనం రోలర్ల మధ్య చల్లగా నొక్కితే వచ్చింది. వెల్డింగ్ పక్కన రెండు మూడు వేళ్ళ మేర అది మెత్తబడిపోతుంది. ఇక రెండు రేకుల సందులో ఎన్నేళ్ళ నాటిదో పాత సీలెంటు (సందులు మూసే జిగురు), మట్టి ఇరుక్కుని ఉంటాయి. అవి కాలి గ్యాసై, కరిగిన లోహంలోంచి తన్నుకొచ్చి సూదిమొనంత బెజ్జాలు చేస్తాయి.

ఒకప్పుడు ఊరూరా తిరిగి గిన్నెలకు మాట్లు వేసిన పెద్దాయన ఒకరు మా వీధిలోనే ఉంటాడు. ఆ వెల్డింగ్ చూసి నవ్వాడు. "బిడ్డా, ఇనుము ఎర్రబడి చెప్తది, ఇగ చాలు అని. సిల్వర్ ఏం చెప్పదు. చూస్తుండంగనె జారిపోతది." పైన రాసిందంతా ఆయన మాటకు వ్యాఖ్యానమే.

ఆయన చెప్పాకే రివెట్ సుత్తి పట్టాను. దీనికి ఇద్దరు మనుషులు కావాలి, అదొక్కటే ఇబ్బంది. నాకు బావమరిది దొరికాడు. పడవను ఒక పక్కకు ఒరగబెట్టాం. వాడు బయట నిలబడి నాలుగు కిలోల రైలు పట్టా ముక్కను రివెట్ తలకు ఆనించి పట్టుకోవాలి. వర్క్‌షాపుల్లో దీన్నే డాలీ అంటారు. లోపల నేను బాల్‌పీన్ సుత్తితో (ఒక కొస గుండ్రంగా ఉండేది) రివెట్ తోక మీద రెండు మూడు దెబ్బలు వెయ్యాలి. దెబ్బ సరిగ్గా పడిందా లేదా అన్నది కంటికంటే చెవికి ముందు తెలుస్తుంది. వదులు రివెట్ 'థప్' అంటుంది, తడిగుడ్డ మీద కొట్టినట్టు. రెండో దెబ్బకో మూడో దెబ్బకో 'టంగ్' మంటుంది. కాసేపటికి వాడే బయటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు: "బావా, మోగింది. పక్కదానికి పో."

మోగాక మాత్రం ఇంకొక్క దెబ్బ కూడా వెయ్యకూడదు. ఎక్కువ కొడితే రివెట్ చుట్టూ రేకు పలచబడి సాగుతుంది, బెజ్జం పెద్దదవుతుంది. మొదట్లో ఉత్సాహం కొద్దీ నేను రెండు అలా పాడుచేశాను.

38లో 29 ఇలా కొడితేనే బిగిశాయి. నయాపైసా ఖర్చు లేదు. మిగిలిన తొమ్మిది మార్చాల్సి వచ్చింది, నేను పాడుచేసిన ఆ రెండూ వాటిలోవే. రివెట్ కాడ ఎంత లావో అంతే డ్రిల్ బిట్‌తో తల వరకే తొలిచి, పంచ్‌తో కాడను బయటికి నెట్టేయాలి. కొత్త రివెట్‌ను పాలీయురేథేన్ సీలెంటులో ముంచి, బెజ్జంలో దూర్చి కొట్టాలి. కొట్టకముందు తోక ఎంత బయటికి ఉండాలన్నదానికి ఐటీఐలో చెప్పే లెక్కే సరిపోతుంది: కాడ మందానికి ఒకటిన్నర రెట్లు. ఐదు మిల్లీమీటర్ల రివెట్‌కు ఏడు, ఏడున్నర.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. గిన్నెల పిడులకు వేసే మెత్తటి రివెట్లు మనకు ఎక్కడైనా దొరుకుతాయి, అవి వద్దు. పడవలకు వాడేది 5056 మిశ్రమం, దానికి సికింద్రాబాద్ రాణీగంజ్ దాకా పోవాల్సిందే. ఇనుప రివెట్, రాగి రివెట్ అసలే వద్దు. రెండు రకాల లోహాలు తడిలో తగిలితే వాటి మధ్య చిన్న బ్యాటరీలాంటిది తయారై, ముందు తినేసేది అల్యూమినియాన్నే. రాగి పక్కన ఇంకా త్వరగా. గన్‌తో ఒక్కరే వేసుకునే పాప్ రివెట్లు నడిమధ్య బోలుగా ఉంటాయి కాబట్టి కొత్త లీకు కొని తెచ్చుకున్నట్టే. లోపలికి చెయ్యి దూరని మూలల్లో తప్పదనుకుంటే చివర మూసి ఉన్న రకం అడగండి.

రెండు ఆదివారాలు పట్టింది. పక్కింటి అత్తమ్మ గోడ మీదుగా చూసి "ఊర్లె జాతర గిట్ల ఉన్నదా ఏంది" అనడం తప్ప పక్కన ఏ రివెట్‌కూ, ఏ రేకుకూ నష్టం జరగలేదు. నాకు ఈ పద్ధతి నచ్చింది అందుకే. ఇది వదులైనదాన్నే ముట్టుకుంటుంది, పక్కదాని జోలికి పోదు.

ఇక పూత. చాలామంది మనసు దీని మీదే ఉంటుందని తెలుసు, ఎందుకంటే ఒక్కరే చేసుకోవచ్చు. లోపలి వైపు రివెట్ వరసల మీద ఎపాక్సీ (రెండు మందులు కలిపితే గట్టిపడే జిగురు) పూస్తే ఊట ఆగుతుంది, అబద్ధం లేదు. కానీ మన ఎండలు ఒకసారి గుర్తు చేసుకోండి. మే నెలలో ఒడ్డున చెయ్యి పెట్టలేనంత కాలిన పడవను నీళ్ళలోకి తోస్తాం. రేకు వేడి 30 డిగ్రీలు పడిపోయిందనుకుంటే, 12 అడుగుల రేకు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు కురచవుతుంది. సాయంత్రం ఒడ్డుకు లాగితే మళ్ళీ సాగుతుంది. గట్టిగా బిగుసుకుపోయిన ఎపాక్సీ రోజూ ఈ లాగుడును ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? అంచున లేస్తుంది. లేచిన పూత కింద నీరు చేరి కదలకుండా నిలుస్తుంది, అక్కడే రేకు గుంటలు గుంటలుగా తినేయడం మొదలవుతుంది, పైకి ఏమీ కనపడదు. ఇంకో చిక్కు: ఒకసారి పూత పడ్డాక దాని మీద సుత్తి వేస్తే పగులుతుంది, వెల్డింగ్ చేస్తే కాలి పొగ వస్తుంది. అంటే తరవాత ఏం చేయాలన్నా ముందు గీకడమే పని.

అందుకని పూత వద్దనను, చివర్న వెయ్యమంటాను. ముందు రివెట్లు బిగించి, అప్పటికీ చెమ్మ పట్టే అతుకు వరసల్లో రబ్బరులా సాగే పాలీయురేథేన్ సీలెంటు పట్టించండి. నా రెండు అతుకు లీకుల్లో రెండోదీ, వెల్డింగ్ పక్కన పుట్టిన ఆ నాలుగూ అలాగే ఆగాయి. ఏది పూసినా ముందు రేకును గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, వెంటనే పూయాలి. రేపు పూద్దాంలే అనుకుంటే ఆక్సైడ్ పొర మళ్ళీ మందంగా పేరుకుంటుంది. ఇనుప తీగల బ్రష్‌తో మాత్రం రుద్దకండి. ఆ ఇనుప రజను రేకులో దిగబడి తరవాత తుప్పుపడుతుంది.

తక్కినవి చప్పున చెప్పేస్తాను. పాలిస్టర్ రెసిన్‌తో ఫైబర్ గ్లాస్ పరిస్తే అల్యూమినియాన్ని సరిగ్గా పట్టదు, పెచ్చులుగా లేస్తుంది. గుండ్రటి పుట్టి పడవకు పూసినట్టు డాంబర్ పూస్తే ఎండకు కారుతుంది, ఆ తరవాత ఆ రేకు మీద ఇంకేదీ అంటుకోదు. గ్యాస్ మంట మీద అల్యూమినియం అతికే కడ్డీల వీడియోలు నాకూ నలుగురు పంపారు. చిన్న ముక్కకు బాగానే పనిచేస్తాయి కానీ, పడవంత రేకు ఆ వేడినంతా పీల్చేసుకుంటుంది. ఇంజన్ బిగించే వెనక పలక గురించి వేరే రాయాలి. ప్రస్తుతానికి మెరైన్ ప్లైవుడ్ (నీటికి ఓర్చే రకం) వేయండి, కానీ రాగి లవణాల మందు పట్టించిన చెక్క ఏదైనా రేకుకు తగలనివ్వకండి. తేలడానికి సీట్ల కింద థర్మకోల్ కుక్కేవాళ్ళు పెట్రోలు డబ్బాను దూరంగా పెట్టుకోండి, పెట్రోలు పడితే థర్మకోల్ ఐసుగడ్డలా కరుగుతుంది.

మరి వెల్డింగ్ ఎప్పుడు? ఆ 41వ సున్నా ఉంది కదా, రాయి చీల్చిన చోటు. నాగార్జునసాగర్ నీళ్ళు దిగినప్పుడు రాళ్ళు పైకి తేలతాయి కాబట్టి ఇలాంటి చీలికలు ఇక్కడ మామూలే. రేకు ఒంటిగా ఉన్నచోట, రివెట్ వరసకు జానెడు దూరంలో చీలిక ఉంటే ఆర్గానే మేలు, సుత్తి ఏమీ చేయలేదు. షాపుకు వెళ్ళేముందు చీలిక రెండు కొసల్లో చిన్న బెజ్జాలు వేసుకోండి, ఇంకా పాకకుండా ఆగుతుంది. రెండు వైపులా రంగు గీకించండి. చీలిక రివెట్లకు దగ్గరగా ఉంటే వెల్డింగ్ మానేసి, లోపల సీలెంటు పట్టించిన రేకు ముక్క పెట్టి చుట్టూ రివెట్లు కొట్టండి. నా చీలిక నాలుగు వేళ్ళ దూరంలోనే ఉంది, అందుకని అతుకు ముక్కే వేశాను.

పోయిన వానాకాలం తరవాత మూడు రివెట్లు మళ్ళీ చెమ్మగిల్లాయి. పట్టా ముక్క, సుత్తి పడవలోనే ఉంటాయి కాబట్టి ఒడ్డునే పడవను ఒరగబెట్టి, చేపలు ఆరబెడుతున్న ఒక కుర్రాణ్ణి బయట పట్టుకోమన్నాను. మూడో దానికి వాడే అరిచాడు, "మోగిందన్నా!" అని. ఆర్గాన్ కొట్టించిన ఆరంగుళాల పక్కన మాత్రం ఈ ఏడాది కూడా కొత్తగా సీలెంటు పట్టించాల్సి వచ్చింది.