తరగతి గదిలో గుడ్డు నుంచి చేప: జీబ్రా చేపా, శీలావతా?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో రాయగడలోనో తెలుగు పిల్లలు చదివే తరగతి గదిలో గాజుతొట్టి పెట్టి గుడ్ల నుంచి చేపలను పెంచదలచిన ఉపాధ్యాయునికి, రంగుచేపల దుకాణంలో దొరికే జీబ్రా చేప ఒక దారి, చెరువుల్లో పెంచే శీలావతి మరొక దారి.

జీబ్రా చేప తొట్టిలోనే, ఉదయపు వెలుగు పడగానే గుడ్లు పెడుతుంది. తల్లిదండ్రులే వాటిని తినేస్తాయి కనుక అడుగున ముందుగానే గోళీలు పరచాలి. గుడ్లు ఆ సందుల్లోకి జారి దక్కుతాయి. (గోళీలు తెమ్మంటే పిల్లలు ఎలాగూ జేబులో నుంచే తీస్తారు.) మిల్లీమీటరు పరిమాణంలో ఉండే ఆ గుడ్డు పారదర్శకమైనది; మరునాటికే సూక్ష్మదర్శినిలో రూపుదిద్దుకుంటున్న శరీరం, ఆపై కొట్టుకునే గుండె కనిపిస్తాయి. నీరు 28 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే పిల్ల రెండు మూడు రోజుల్లో బయటికి వస్తుంది, సుమారు ఐదో రోజుకు ఈదుతూ మేత వెదుక్కుంటుంది.

శీలావతి కథ వేరు. వానాకాలపు ఏటి ప్రవాహంలో గుడ్లు పెట్టే ఈ చేప నిలవనీటిలో తనంతట తాను పెట్టదు. హార్మోను సూదితో పెట్టించే పద్ధతిని మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌదురి 1957 జూలై 10న ఇదే ఒడిశాలోని అంగుల్‌లో సాధించారు. కనుక గుడ్లను హేచరీ (చేప గుడ్లను పొదిగించే కేంద్రం) నుంచే తేవాలి, అదీ వానాకాలంలోనే. అవి ఒక్క రోజు లోపే పొదగబడటంతో, పిల్లలు ఇళ్లలో నిద్రపోతున్న వేళ అసలు ఘట్టం ముగిసిపోవచ్చు.

తొట్టికి నేను జీబ్రా చేపనే ఎంచుకుంటాను. శీలావతి కోసం పిల్లలనే హేచరీకి తీసుకువెళ్లడం మేలు.