యార్క్‌టౌన్: కారన్‌వాలిస్ ఓడిన నేల

వర్జీనియాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు యార్క్‌టౌన్ చూడాలని పట్టుబట్టింది నేనే. కడపవాడిని కాబట్టి కారన్‌వాలిస్ పేరు చిన్నప్పటి నుంచీ తెలుసు. 1792లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ రాజ్యంలో సగం లాక్కుని, అతని కొడుకులిద్దరినీ బందీలుగా తీసుకెళ్లిన బ్రిటిషు సేనాని. ఆ పంపకాల్లోనే మా కడప నిజాం వాటాకు పోయింది, 1800లో కంపెనీ చేతికొచ్చి దత్తమండలాల్లో కలిసింది. టిప్పు మీద ఆ గెలుపుకు పదకొండేళ్ల ముందు, 1781లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇదే కారన్‌వాలిస్ ఓడిపోయిన చోటును కళ్లారా చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక.

బస విలియమ్స్‌బర్గ్‌లో. గది శుభ్రమే, కానీ ఏసీ రాత్రంతా గడగడలాడింది. చెప్పినా గది మార్చలేదు. టిఫిన్‌కి మాంసం ముట్టని మా ఆవిడకు బ్రెడ్డు, అరటిపండు తప్ప ఏమీ దొరకలేదు. ఈసారి వెళ్తే కాస్త ఎక్కువైనా యార్క్ నది ఒడ్డునే దిగుతాను. జనం రాకముందే, పొద్దున్నే ఆ కందకాల దగ్గరికి నడిచి వెళ్లొచ్చు.

జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్‌లను కలిపే కలోనియల్ పార్క్‌వే రోడ్డు 23 మైళ్లు. దాని మీద పెట్రోలు బంకుగానీ హోటల్‌గానీ లేవు. ట్యాంకు ముందే నింపుకోండి, పులిహోర కట్టుకెళ్లండి.

పిల్లలుంటే అమెరికన్ రివల్యూషన్ మ్యూజియం బాగుంటుంది. దానికి టికెట్ వేరు. కానీ ఒక్కపూటే టైముంటే నేను యుద్ధభూమికే ఓటేస్తాను.

నన్ను కదలనివ్వనిది బ్రిటిషువాళ్లు కట్టుకున్న పదో నంబరు మట్టిబురుజు. మేటి కోటను ఊహించుకుని వెళ్లాను, ఉన్నది మా పెరడంత చోటు. ఒడ్డు కోసుకుపోయి అసలు బురుజులో కొంత నదిలో కలిసిపోయింది, ఇప్పుడున్నది మళ్లీ కట్టింది. గట్టులోంచి మొనదేలిన దుంగలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. 1781 అక్టోబరు 14 రాత్రి అమెరికన్ సేనాధికారి హామిల్టన్ దళం తుపాకుల్లో మందు దట్టించకుండా, వాటి కొసన బిగించిన బాయ్‌నెట్ కత్తులతోనే ఆ దుంగల మధ్య నుంచి ఎక్కింది. పది నిమిషాల్లో బురుజు వాళ్లదైంది. పక్కనున్న తొమ్మిదోదాన్ని అమెరికన్ల పక్షాన పోరాడిన ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. సెప్టెంబరులోనే ఫ్రెంచి నౌకలు సముద్రం దారి మూసేశాయి. అక్టోబరు 16 రాత్రి కారన్‌వాలిస్ సేన పడవల్లో నది దాటి తప్పించుకోవాలని చూస్తే తుపాను చెదరగొట్టింది. ఇక దారి లేక 19న ఏడు వేల మందికి పైగా లొంగిపోయారు.

లొంగుబాటు మైదానానికి కారన్‌వాలిస్ రాలేదు. ఒంట్లో బాగోలేదని తన కింది అధికారి ఓహారాను పంపాడు. అదొక్కటే కాదు, అంతకుముందు జరిగింది నాకు మరీ కష్టమనిపించింది. స్వేచ్ఛ దొరుకుతుందని బ్రిటిషు వైపు వచ్చిన నల్లజాతి బానిసలకు మశూచి సోకితే, తిండి కరువైన ఆ రోజుల్లో వాళ్లను శిబిరం నుంచి వెళ్లగొట్టారు. ఆ సంగతి చదివాక మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

అప్పటి వర్జీనియా గవర్నరు నెల్సన్ ఇంటి గోడలో ఫిరంగి గుండ్లు చూపిస్తారు. దెబ్బలు అప్పటివే, గుండ్లు మాత్రం తర్వాత అమర్చినవి.

లొంగుబాటు షరతులు రాసుకున్న మూర్ హౌస్‌కి వెళ్లేముందు వేళలు కనుక్కోండి. మేం వెళ్లేసరికి తలుపు వేసి ఉంది. "రేపు మళ్లీ వద్దాంలే నాన్నా" అంది అమ్మాయి. కిటికీ అద్దానికి చేతులు అడ్డుపెట్టి, లోపల ఆ బల్ల కనిపిస్తుందేమోనని చూస్తూ ఉండిపోయాను.