వింత మాంసాల టేస్టింగ్ మెనూ రివ్యూ: దాచకుండా వండినవి పాస్, మసాలా వెనక దాచినవి ఫెయిల్

ముందే చెప్పేస్తున్నా, ఇది అందరూ వెళ్ళి తినండి అనే టైపు రివ్యూ కాదు. ఈ రెస్టారెంట్ కాన్సెప్టే గొడవలు పెట్టడం, అంటే సగం మంది లొట్టలేసుకుంటూ తినేవి, మిగతా సగం మంది చూడగానే మొహం తిప్పుకునేవి ఏరి మరీ చిన్న చిన్న ప్లేట్లలో వరసగా తెచ్చి పెడతారు. పేరు రాయట్లేదు, ఎందుకంటే మధ్యలో ఒక సీరియస్ కంప్లైంట్ ఉంది. నేను ఏదైనా సరే ఒకసారి నోట్లో పెట్టుకునే రకం, మా బావ ముందు వాసన చూసి తర్వాతే స్పూన్ పట్టుకుంటాడు, మా చెల్లికి వాసనతో పనిలేదు గానీ నోట్లో జారిందా ఇక అంతే. సో ప్రతి ప్లేట్‌కీ తలో తీర్పు.

మొదట ఓయెస్టర్లు వచ్చాయి, పచ్చివి, ఐస్ మీద, పక్కన నిమ్మచెక్క. చాలామంది వీటిని గుటుక్కున మింగేసి ఉప్పునీళ్ళు తప్ప ఏం లేదంటారు, నమలకుండా మింగితే ఇంకేం తెలుస్తుంది? రెండు మూడు సార్లు నమిలితే ఆ ఉప్పు వెనక తీపి వస్తుంది, ఆ తర్వాత రాగి చెంబు నాకినట్టు ఒక లోహం రుచి, నాకు ఆ చివరిదే ఇష్టం, బావకి అదే పడలేదు. ఫ్రెష్‌గా ఉన్నాయి, అందులో డౌట్ లేదు. కానీ సర్వర్ ఎలర్జీ ఉందా అని అడిగాడు గానీ, పచ్చి ఓయెస్టర్లలో విబ్రియో బ్యాక్టీరియా ఉండే ఛాన్స్ ఉంటుందని, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, ఇమ్యూనిటీ తక్కువున్నవాళ్ళు, గర్భిణులు వీటికి దూరంగా ఉండాలని ఒక్క ముక్క చెప్పలేదు, మెనూ కార్డ్‌లోనూ లేదు. నిమ్మరసం పిండితే, హాట్ సాస్ పోస్తే అది చచ్చిపోతుందనేది ఉత్తమాట, బాగా ఉడికిస్తేనే పోతుంది. ఇలాంటి మెనూ పెట్టేవాళ్ళు ఇది చెప్పి తీరాలి.

సీ అర్చిన్ మాత్రం ఈ మొత్తం మెనూలో హీరో. ఒంటి నిండా ముళ్ళుండే ఆ సముద్రజీవిలో మనం తినేది దాని పునరుత్పత్తి గ్రంథులు, ఒక్కోదాంట్లో ఐదు ఉంటాయి, నారింజ రంగులో నాలుక ఆకారంలో. వీళ్ళు ఏమీ కలపకుండా కొంచెం అన్నం ముద్ద మీద పెట్టి ఇచ్చారు అంతే. వెన్నలా కరిగిపోతుంది, తియ్యగా ఉంటుంది, చివర్లో సముద్రం వాసన. మా చెల్లి నోట్లో పెట్టుకుని "అన్నయ్యా, దీన్ని నమలాలా తాగాలా" అని అడిగి ప్లేట్ నావైపు తోసేసింది, నాకు పండగ. ఇంతకుముందు ఎక్కడైనా తిని చేదుగా ఉందని వదిలేసినవాళ్ళకి ఒక మాట, పాతబడితే చేదు వస్తుంది, పైగా ప్యాకింగ్‌లో ముక్క చెదరకుండా పటిక వాడతారు, అది ఎక్కువైనా చేదే. తాజాది దొరికితే ఇంకోసారి ట్రై చెయ్యండి.

ఆక్టోపస్, స్క్విడ్ ఒకే ప్లేట్‌లో వచ్చాయి, ఒకటి పాస్ ఒకటి ఫెయిల్. స్క్విడ్‌ని మంట మీద రెండు నిమిషాల్లో అయినా దింపెయ్యాలి, లేదా ముప్పావుగంట పైనే మెల్లగా ఉడకనివ్వాలి, మధ్యలో ఎక్కడ ఆపినా రబ్బరే. ఆక్టోపస్‌ని ఓపిగ్గా ఉడికించి, దాంట్లో కండని గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ మెత్తబడ్డాక పైన మాత్రం కాల్చారు, సూపర్. స్క్విడ్‌ని సరిగ్గా ఆ మధ్యలో ఆపారు, నమిలీ నమిలీ దవడ నొప్పి. ఇలాంటిది ఒకసారి తిన్నవాడు జన్మలో స్క్విడ్ జోలికి పోడు, తప్పు స్క్విడ్‌ది కాకపోయినా.

ఇప్పుడు కంప్లైంట్. తిరండి చేప (ఇంగ్లీష్‌లో స్టింగ్‌రే) ప్లేట్ రాగానే ఘాటు వాసన, అచ్చం అమ్మోనియా. అడిగితే సర్వర్ "దాని సహజమైన వాసనే అది సార్" అన్నాడు. కాదు. సొరచేపలు, తిరండి చేపలు సముద్రపు ఉప్పుని తట్టుకోడానికి ఒంట్లో యూరియా నిలవ పెట్టుకుంటాయి, చచ్చాక బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది, అంటే ఫ్రెష్‌గా ఉంటే ఆ వాసన ఉండదు, ముక్కులో కొడుతోందంటే చేప నిలవుందని అర్థం. ఐస్‌లాండ్‌లో గ్రీన్‌లాండ్ సొరని కావాలనే పులియబెట్టి, నెలల తరబడి వేలాడదీసి హాకర్ల్ అని తింటారు, దాంట్లో అమ్మోనియా ఉండటం మామూలే, ఆ సొర తాజా మాంసం తింటే విషం కాబట్టి ఆ పద్ధతి. ఇక్కడ మాకు పెట్టింది ఫ్రెష్ అని కదా! వెనక్కి పంపేశాం. బిల్లులో తీసేశారు, సారీ మాత్రం చెప్పలేదు.

నత్తలు, మొసలి రెండూ ఒకే రకం నిరాశ. నత్తలకి వెల్లుల్లి వెన్న ఎంత పోశారంటే ఆ గిన్నెలో చెప్పు ముక్క వేసినా అదే రుచి వచ్చేది. మొసలి తోక మాంసానికి మందంగా పిండి పట్టించి డీప్ ఫ్రై చేసి, "చికెన్‌లానే ఉంటుంది సార్" అని గర్వంగా చెప్పారు. చికెన్‌లా ఉంటే చికెనే తింటాం కదా, ఇంత దూరం ఎందుకు వస్తాం. నచ్చనివాళ్ళు ఇలా దాచినా నచ్చేసుకోరు, ఎందుకంటే మొసలి అన్న మాట వినగానే వాళ్ళ ఆకలి పోయింది, నచ్చేవాళ్ళకేమో అసలు రుచే అందలేదు. అంటే ఇద్దరికీ ఉపయోగం లేని వంట.

అడవి పంది మెల్లగా వండిన కూర, దీని దగ్గర సీన్ ఇంట్రెస్టింగ్. నాకు నోట్లో వెన్నలా ఉంది, బావ మాత్రం గిన్నె మూత తీయగానే "ఒరేయ్, మూత్రం కంపు రా బాబూ, ఎలా తింటున్నావ్" అని లేచి పక్క కుర్చీలోకి వెళ్ళిపోయాడు. ఓవర్ యాక్షన్ అనుకుంటాం గానీ కాదు. మగ పంది కొవ్వులో ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం ఉంటుంది, ఓఆర్7డీ4 అనే జీన్ ఎవరికి ఏ రకంది ఉందో దాన్నిబట్టి కొంతమందికి అది చెమటలా మూత్రంలా కొడుతుంది, కొంతమందికి తియ్యగా అనిపిస్తుంది, ఇంకొంతమందికి అసలు వాసనే రాదు, 2007లోనే దీనిమీద పరిశోధన వచ్చింది. అంటే మేమిద్దరం ఒకే గిన్నెలోంచి రెండు వేరే కూరలు తిన్నట్టే. ఎవరైనా వద్దంటే బలవంతం చెయ్యకండి, వాళ్ళ ముక్కుకి తగిలేది మీకు తగలట్లేదేమో.

ఆస్ట్రిచ్ బాగుంది. పక్షే అయినా మాంసం ఎర్రగా ఉంటుంది, కండకి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఎక్కువ కాబట్టి, కొవ్వు చాలా తక్కువ కాబట్టి కొంచెం ఎక్కువ కాలితే పీచులా ఎండిపోతుంది, వీళ్ళు ఎంతవరకు కాల్చాలో అడిగి మరీ చేశారు. బావ కూడా ప్లేట్ ఖాళీ చేశాడు. లివర్ ఓకే, ఒక నిమిషం ముందే దింపాల్సింది, లోపల పొడిపొడిగా అయిపోయింది.

సర్వీస్ మర్యాదగానే ఉంది గానీ సర్వర్లకి వాళ్ళు పెట్టేదాని గురించి తెలియదు, కిచెన్‌కి వెళ్ళి అడిగి రండి అంటే మాత్రం వెళ్ళి కనుక్కుని వస్తారు. రొయ్యలు, పీతలు పడనివాళ్ళు బుక్ చేసేటప్పుడే చెప్పండి, నత్తలు కూడా కొందరికి రియాక్షన్ ఇస్తాయి, డస్ట్ ఎలర్జీ ఉన్నవాళ్ళకి ముఖ్యంగా.

ఐదుకి మూడున్నర ఇస్తా, అందులో ఒకటి ఒక్క సీ అర్చిన్‌కే. వెళ్తే ఫుల్ మెనూ తీసుకోకండి, సగం ప్లేట్లు ఎంచుకునే ఆప్షన్ ఉంది, కార్డ్ మీద ఉండదు, అడిగితే ఇస్తారు. మొసలిని పిండి లేకుండా ఉత్తగా గ్రిల్ చేసిమ్మని అడిగి చూడండి, ఒప్పుకుంటే ఎలా ఉందో కింద రాయండి.