లక్స్ మీటరు రివ్యూ: రీడింగు కాదు, అది ఎంత అటూ ఇటూ పోతోందో చూడండి

విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక ల్యాబ్ సామాన్ల షాపులో వెలుతురు ఎంత పడుతోందో కొలిచే ఈ డిజిటల్ లక్స్ మీటరు 1,450 రూపాయలకి తీసుకున్నాను. గుంటూరులో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. నక్షత్రం లోపలి ప్లాస్మా (విపరీతమైన వేడికి పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు) వెలుతుర్ని ఎంత అడ్డుకుంటుందో, అంటే దాని ఒపాసిటీ ఎంతో, ఎలా కొలుస్తారో పిల్లల చేత చేయించి చూపించాలని నా పట్టుదల.

అమెరికాలో శాండియా ల్యాబ్ వాళ్లు జెడ్ మెషిన్ (భారీ కరెంటుతో ఎక్స్-రేలు పుట్టించే యంత్రం) మీద, సూర్యుడి లోపల కూడా ఉండే ఇనుముని దాదాపు 20 లక్షల డిగ్రీలకి వేడిచేసి ప్లాస్మాగా మార్చి, అందులోంచి ఎక్స్-రేలు పంపి, అవతలికి ఎన్ని వచ్చాయో కొలిచారు. లెక్కలు చెప్పినదానికన్నా ఇనుము 30 నుంచి 400 శాతం ఎక్కువ అడ్డుకుంటోందని 2015లో ప్రకటించారు. ఆ తేడా ఇనుముదా, కొలతదా అని అప్పట్నుంచీ వాదన నడుస్తూనే ఉంది.

మాకు ఇనుము బదులు టీ డికాషన్, ఎక్స్-రే బదులు టార్చి. గ్లాసులో మంచినీళ్లు పోస్తే 600 లక్స్ వచ్చింది. పల్చటి డికాషన్‌కి 540, మధ్యరకానికి 180, చిక్కటిదానికి 18. కర్టెన్లు వేసినా సరే, ఎవరో తలుపు తీస్తారు, పక్కన ఫోన్ వెలుగుతుంది, రీడింగు ఒక 12 అటూ ఇటూ ఊగుతుంది. 540లో 12 ఎంతలే అనిపిస్తుంది కానీ డికాషన్ అడ్డుకున్నదే 60, అందులో 12 అంటే అయిదో వంతు! చిక్కటిదానికి మిగిలిందే 18; 600ని వచ్చిన రీడింగుతో భాగించి లాగరిథమ్ వేస్తేనే ఎంత అడ్డుకుందో తేలుతుంది కాబట్టి, అక్కడా దాదాపు 19 శాతం తప్పు. మధ్యరకానికి మాత్రం అయిదారు శాతమే. ఇది పిల్లలు వాళ్లంతట వాళ్లే లెక్కేసి కనిపెట్టారు, ఆ ఒక్కదానికే పెట్టిన డబ్బు వచ్చేసింది అనుకున్నాను.

టార్చి ఆర్పేశాక కూడా మీటరు 6 చూపిస్తుంది, అది ప్రతి రీడింగులోంచీ తీసెయ్యాలి (పైన రాసినవి అలా తీసేశాక మిగిలిన అంకెలే). ప్లాస్మా తనంతట తనే వెలుగుతుంది కాబట్టి శాండియా వాళ్లకీ ఇదే పని.

మాన్యువల్లో 4 శాతం అటూ ఇటూ అని రాసుంది. మనం చూసేది నిష్పత్తి కాబట్టి అది చాలావరకు కొట్టుకుపోతుంది, కానీ మధ్యలో రేంజి (మీటరు ఎన్ని లక్స్ దాకా కొలవాలో పెట్టేది) మార్చారా, ఇక కొట్టుకుపోదు. 200 రేంజిలో 18.4 అని దశాంశం కనిపిస్తే మురిసిపోకండి, 2000 లోనే ఉంచండి.

మీటరు సరిగ్గా కొలుస్తోందని పరీక్షించి ఇచ్చే క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ అడిగితే "కొత్త పీసుకి అదెందుకు మేడమ్" అన్నారు షాపతను. కొత్తదానికే కావాలండీ! ఒక స్టార్ అందుకే తగ్గించాను. సెన్సారు వైరు కూడా పొట్టి, టేబుల్ అంచుకి టేపుతో అంటించి వాడుతున్నాం. మిగతా నాలుగు స్టార్లూ మనస్ఫూర్తిగా ఇస్తున్నాను, వచ్చే వారం రెండోది కూడా కొంటున్నాను, టార్చి వెలుతురే మారుతోందా అని పక్కనుంచి చూస్తూ ఉండటానికి.